గున్నమ్మ రొంటిలో బ్యాటరీ

నౌపడ రైలుగేటు దగ్గర ధనరాజు కొట్టుకి బోర్డు లేదు. దాని అవసరమూ రాలేదు. వేటకెళ్లేవాళ్ల తలలైట్లు, ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ల టార్చిలు అన్నీ అక్కడికే వస్తాయి. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. పాత ల్యాప్‌టాపుల్లోంచి వేలంత లావుండే బ్యాటరీలు విప్పి, టార్చిల్లో వేసి వెలిగిస్తాడు. తన చేతి వస్తువు వల్ల పాతికేళ్లలో ఒక్కరికి కూడా చర్మం కందలేదన్నది అతని గొప్ప. పెళ్లిభోజనాల్లో పక్కవాళ్లకి అదే చెబుతాడు. వాళ్లు విస్తరి ముందు నుంచి లేచిపోలేరు కదా!

ఆ గొప్పకి గండం చేపల గున్నమ్మ రూపంలో వచ్చింది.

గున్నమ్మది అడ్డపొగ. అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. అంగిట్లో తెల్లమచ్చ చూసిన డాక్టరు చుట్ట మానెయ్యాలని గట్టిగా చెప్పాడు. వేరావల్‌లో బోటు మీద పనిచేసే కొడుకు గోవింద్, ఆ డాక్టరుని ఒక్క మాటైనా అడగకుండా, బ్యాటరీతో పొగ వచ్చే గొట్టం ఒకటి చాటుగా కొని తెచ్చి తల్లి చేతిలో పెట్టి పోయాడు. అమ్మకూడదని ప్రభుత్వం ఆపేసిన సరుకది.

ఆ పొద్దున్న ఆమె చేపలబుట్ట కొట్టు గుమ్మంలో దింపి, గొట్టం బల్ల మీద పడేసింది. ఊరి వరసకి ధనరాజు ఆమెకి అల్లుడు.

“అల్లుడా, ఇది సచ్చిపోనాది. సేపల నీళ్లు పడ్డాయి.”

“ఏటత్తా ఇది? సన్నాయిలాగున్నాది?”

“సన్నాయే. నాకు మళ్లీ పెళ్లి సేత్తావేటి? బేగి సూడు, ఆటో ఎళిపోతాది.”

ధనరాజు తడిసిన బ్యాటరీ తీసి, ఒక చవక తలలైటులోది వేశాడు. పాతదాని మీద మూడు వేలని ఉంటే, దీని మీద తొమ్మిది వేల తొమ్మిది వందలని పెద్ద అంకె. అంకె పెద్దదైతే బ్యాటరీ గట్టిదే అనుకున్నాడు. గొట్టం వెలిగింది. మధ్యాహ్నానికి అయిపోతే వేసుకుంటానని ఆమె ఇంకోటి అడిగితే, అలాంటిదే చేతిలో పెట్టాడు. గున్నమ్మ దాన్ని నడుం దగ్గర రొంటిలో దోపుకుని ఆటో ఎక్కింది.

పదకొండింటికి తడిసిన బ్యాటరీని పక్కన పడేయబోతూ చూశాడు. అంకె కింద సన్నగా ఇరవై అనీ, పక్కన ‘ఎ’ అనీ ఉంది. టార్చిల్లో దానితో పని ఎప్పుడూ పడలేదు. విజయనగరంలో ఎలక్ట్రిక్ ఆటోల బ్యాటరీలు బాగుచేసే స్నేహితుడు ఉమాశంకర్‌కి ఫోన్ చేశాడు.

“ఒరే, ఆ పెద్దంకె ట్యాంకులో డీజిలెంతున్నాదో సెప్తాది. ఈ ‘ఎ’ అంటే ఆంపియర్లు. ఇంజనెంత లాగగలదో అది సెప్తాది. నీ టార్చి ఒకటో రెండో లాగుతాది. పొగగొట్టం పది పదిహేను లాగేత్తాది. తలలైటు బ్యాటరీ దానికి ఆగదు, కాగిపోతాది.”

“కాగితే?”

“పేల్తాది. అయినా ఆ సైజులో తొమ్మిది వేలు యాడుంటాదిరా? దొంగ రాత అది. స్పేరు గానీ ఇచ్చీసేవేటి?”

“ఇచ్చేను. రొంటిలో దోపుకున్నాది.”

“రొంటిలో ఇంకేటున్నాది?”

ధనరాజు గుర్తు చేసుకున్నాడు. చిల్లర ఉంటుంది, ఇంటి తాళంచెవి ఉంటుంది. ఆ ఇనుము బ్యాటరీ రెండు కొసల్నీ కలిపితే షార్టయి మండుతుందని అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

గున్నమ్మకి ఫోన్ చేస్తే ఎత్తదు. మళ్లీ చేస్తే ఎత్తదు. కొట్టు తలుపు కూడా వెయ్యకుండా ఆమె చేపలమ్మే టెక్కలి సంతకి స్కూటరు తిప్పాడు. ఈపాటికి ఎన్ని దమ్ములు లాగిందో? పళ్లు ఉన్నాయో లేవో? గోవింద్‌కి ఏ మొహంతో చెప్పాలి? సంత దగ్గర పొగ లేచింది, చుట్టూ జనం. బండి దిగి జనంలోకి దూరాడు. తీరా చూస్తే మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు.

గున్నమ్మ నింపాదిగా చేప పొలుసు తీస్తోంది.

“అత్తా! గొట్టం పీల్చేవా?”

“ఏట్రా ఆ కేకలు? రెండు దమ్ములు లాగేను. మరీ కాగిపోతంటే సంచిలో పడీసేను ఎదవదాన్ని.”

“రొంటిలోది తియ్యి! ముందు అది తియ్యి!”

పక్కన చేపలమ్మే లక్ష్మణమ్మ పకపకా నవ్వింది. “ఎండన పడొచ్చి నీ రొంటి సూత్తానంటన్నాడే! నీకు మంచి రోజులొచ్చినాయి, గున్నా!”

“ఇందాకట్నుంచి నడుం సురసురలాడతన్నాదిలే. సెమటపొక్కులనుకున్నాను” అంటూ గున్నమ్మ చెయ్యి పెట్టి, “అమ్మో!” అని మొత్తం దులిపేసింది. తాళంచెవి, చిల్లర, బ్యాటరీ కిందపడ్డాయి. ధనరాజు కాలితో బ్యాటరీని ఇసక గుట్టవైపు తన్నాడు. అది బుస్సుమంది. తెల్లటి పొగ చిమ్మి, జానెడు మంట లేచింది. లక్ష్మణమ్మ నవ్వు ఆగిపోయింది.

సంచిలో గొట్టాన్ని గుడ్డతో పట్టి తీసి, దాన్నీ ఇసకలో పూడ్చాడు. తిరిగి చూస్తే గున్నమ్మ నడుము మీద రూపాయిబిళ్లంత ఎర్రటి మచ్చ.

ఆమె బుట్ట అడుగున దాచిన చుట్ట తీసి వెలిగించి, నిప్పు నోట్లోకి తిప్పుకోబోయింది.

“వద్దత్తా, డాక్టరు సెప్పేడు కదా.”

“నలపయ్యేళ్లు నోట్లో నిప్పెట్టుకున్నాన్రా. అది యాడున్నాదో నాకు తెలిసీది. నువ్విచ్చిన నిప్పు యాడున్నాదో నాకు సెప్పేవా?”

 “నాకే తెలీదత్తా” అన్నాడు ధనరాజు. “ఆస్పత్రికి రా. ఆ కాలిన మచ్చా సూపిద్దాం, అంగిలీ సూపిద్దాం.”

గున్నమ్మ అతని మొహంలోకి చూసింది. చుట్ట ఇసకలో గుచ్చింది.

“పద. ముందు నీకు సూపించాలి, ఎలా వొణికిపోతన్నావో సూడు” అంటూ స్కూటరు ఎక్కింది. ధనరాజు బండిని ఆస్పత్రి వైపు తిప్పాడు.