మంగాయమ్మ గారు శుభ్రం చేయించిన వీడియో

మా పక్కింటి మంగాయమ్మ గారికి అన్నీ శుభ్రంగా ఉండాలి. గుండుగొలనులో ఆవిడ కడిగిన వాకిట్లో కాలు పెట్టాలంటే నాకు ఇప్పటికీ భయమే. భర్త పాండురంగారావు గారు పోయినప్పుడు, ముక్కులో గొట్టంతో ఉన్న మనిషిని పెద్దకర్మనాడు తెర మీద చూపించడానికి ఆవిడ ససేమిరా అన్నారు.

ఉన్నదేమో ఆసుపత్రిలో తీసిన ఒక్క వీడియో. అందులో మరిది హేమంత్‌కుమార్, "వదిన చేనుకి నా బోదెలోంచే నీళ్ళు వదులుతానన్నయ్యా" అని మాటిస్తాడు. ఏలూరులో ఒక స్టూడియోవాళ్ళు దాన్ని ఏఐతో బాగుచేశారు. గొట్టం పోయింది, దగ్గు పోయింది, భుజం మీదికి జరీ కండువా వచ్చింది. బంధువులంతా మెచ్చుకున్నారు. రోగంతో ఉన్న రూపం ఇంట్లో ఉండకూడదని, అసలుది ఫోన్లోంచీ స్టూడియోలోంచీ తీసేయించారు ఆవిడ.

ఈ సార్వా పంటకి హేమంత్ ఆ బోదె పూడ్చేశాడు. ఆవిడ నారుమడి నెర్రెలిచ్చింది. ఆ చేను తప్ప ఆవిడకు మరో ఆధారం లేదు. కోర్టుకు వెళితే, వీడియో కంప్యూటరు సృష్టించిందనీ, తను మాటే ఇవ్వలేదనీ హేమంత్ వాదించాడు.

విచారణకు ఆవిడను ఏలూరు తీసుకెళ్ళింది నేనే. వీడియోలో చేయించిన మార్పుల ఊసెత్తవద్దని మా ప్లీడరు ఆవిడకు మరీ మరీ చెప్పాడు.

"ఇందులో ఉన్నది మీ భర్తేనా అండీ?" అని అవతలి ప్లీడరు అడిగాడు.

"ఆయనేనండీ. కానీ ఇంత హాయిగా ఊపిరి తీసుకోలేదండీ ఆయన. గొట్టం నేనే తీయించాను. అది జారితే మా మరిది తన చేత్తో సరిచేశాడండీ. అదీ పోయింది."

నాకు ఒళ్ళు మండింది. ఇంత నిజం ఎవరడిగారు? అసలుది లేకుండా ఈ వీడియోను నమ్మలేనన్నారు జడ్జి గారు.

వరండాలో హేమంత్ మా దగ్గరకొచ్చాడు. "వదినా, అసలుది ఎక్కడా లేదా?"

అసలుది బయటపడుతుందని ఇంకా భయమే కాబోలనుకుని కసరబోయాను.

"లేదు బాబూ," అన్నారావిడ.

"అన్నయ్యతో నేనున్న ఆఖరిది అదొక్కటేనండీ." అన్నాడు హేమంత్. "గొట్టం సరిచేస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. మీకు గుర్తుందా?"

"ఉంది. నువ్వేమన్నావో కూడా గుర్తుంది."

హేమంత్ తన ప్లీడరు దగ్గరకు వెళ్ళాడు.

"మళ్ళీ లోపలికి వెళదామండీ. ఆ మాట అన్నది నేనేనని చెప్పాలి."