పెదనాన్న బాగు చేయించిన రింగు

చోడవరంలో నాకు సన్మానం. బంతిని చేతులతో ఒకరికొకరు అందించుకుంటూ రింగులో వేసే నెట్‌బాల్‌లో దేశ జట్టుకు కెప్టెన్నయ్యాక గానీ మావాళ్లకు నేను గుర్తు రాలేదు. శాలువా కప్పడానికి పెదనాన్న దగ్గరికి రాగానే అదే చుట్ట కంపు.

చిన్నప్పుడు పెరట్లో వెదురు గెడకు ఇనుప రింగు కట్టి, అందులో బంతి వేసేదాన్ని. ఓ రోజు పెదనాన్న చుట్ట కాలుస్తూ వచ్చి, "రింగు వంగిపోనాదే. ఇటియ్యి, బాగు సేయించి తెస్తాను" అన్నాడు. నేనే విప్పి ఇచ్చాను. రోజూ సాయంత్రం గెడ కింద నిలబడి ఎదురుచూశాను. చివరికి అది వాళ్ల వంటింట్లో నీళ్లకుండ దొర్లకుండా కింద పెట్టిన కుదురై కనిపించింది. అడిగితే, "గుంటలకి గెంతులేటే?" అని, ఆడపిల్లలకి ఆటలెందుకన్నట్టు కసిరాడు.

ఇప్పుడు మైకు పట్టుకుని, "ఈ గుంటకి మొదట ఆట నేర్పింది నేనేనండి" అంటున్నాడు.

నిజమే. చేతిలో ఉన్నది ఎవరికి అందించకూడదో నాకు మొదట నేర్పింది ఆయనే.