ఆపా ‘తెలియదు’ అని రాసిన చోట

ఆపా పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను మోండా మార్కెట్లో చింతచిగురు బేరమాడుతున్నాను. ఫోన్ చేసింది ఆమె కూతురు. గొంతులో ఏడుపు లేదు. “అమ్మీ పొద్దుగాల పోయింది అక్కా. మధ్యాహ్నం నమాజు అయినంక తీస్కపోతరు. జల్ది రా” అంది. “ఆఁ, వస్తున్న” అని ఫోన్ పెట్టేసి, చిగురు ముదిరిపోయిందని అమ్మే ఆమెతో మళ్లీ వాదన మొదలుపెట్టాను. “ముదురంటవ్, చేతులకెల్లి ఇడ్వవ్! ఏందమ్మా నీ కథ?” అని ఆమె కసురుకుంది. అప్పటికి గానీ నేనేం విన్నానో నాకు తెలియలేదు.

మీలో చాలామందికి ఆపా తెలియదు. తెలిసే అవకాశం కూడా లేదు. ఉర్దూలో ఆపా అంటే అక్క, ఆఫీసులో అందరికీ ఆమె ఆపానే. ఒక తెలుగు దినపత్రిక డెస్కులో చాలాకాలం పనిచేశారు. ఆ పత్రిక సిటీ పేజీలు మూతపడ్డాక మా ఆఫీసుకు వచ్చారు. ఏ.ఎస్. రావు నగర్‌లో, ఒక మిఠాయి దుకాణం పైఅంతస్తులో ఉంటుంది మా ఆఫీసు. నేతి వాసనలో కూర్చుని మేం చేసే పని, ఫిలిప్పీన్స్ దేశంలో గెలిచిన నాయకుల మీద ఒక కన్నేసి ఉంచడం. ఎన్నికల్లో ఏం చెప్పారు, గెలిచాక ఏం చేశారు, ఆస్తులెంత చూపించారు, కేసులేమున్నాయి, సభకు వచ్చారా లేదా. అక్కడి ఓటర్లు చూసుకోవడానికి ఒక సంస్థ ఇవన్నీ పేజీలుగా పెడుతుంది. ఆ పేజీలు నింపేది మేము. వాళ్ల పొద్దు మనకంటే ముందు కాబట్టి మేం తెల్లవారకముందే బస్సెక్కుతాం.

మా అమ్మకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు. “మన కార్పొరేటర్ ఏం జేస్తుండో తెల్వది గని, ఎవని దేశం మేయర్ల ముచ్చటనో నీకెందుకే?” అంటుంది.

ప్రతి వాగ్దానం పక్కనా మూడింటిలో ఒక గుర్తు పెట్టాలి. చేశారు, చేయలేదు, తెలియదు. మేం పెట్టిన గుర్తు ఆపా చూసి సరేనన్నాకే బయటికి వెళ్లేది. ఆమె సరేననడం అంత తేలిక కాదు. నేను పొలిటికల్ సైన్స్ డిగ్రీ చేతబట్టుకుని, నాకంతా తెలుసన్న ధీమాతో చేరాను. మొదటి వారమే ఒక సెనేటర్ రైతులకు ఎంతో చేశాడని రాసి చూపించాను.

“ఎవరు చెప్పిన్రు?” అన్నారు ఆపా.

“ఆయన వెబ్‌సైట్ల ఉంది ఆపా.”

“ఆయన ముచ్చట ఆయననే అడిగితే ఇంకేం చెప్తడు బిడ్డా? రేపు నీ పెండ్లిచూపులకొచ్చిన పిలగాడు, నేను రోజు తాగుత అని చెప్తడా?”

గది గదంతా నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. ఆ వేడి చల్లారకముందే ఇంకో తప్పు చేశాను. ఒక మహిళా నాయకురాలు పెళ్లయ్యాక కొత్త ఇంటిపేరుతో పోటీ చేస్తే, నేను ఆమెను ఇద్దరు మనుషులను చేసి రెండు పేజీలు తెరిచాను. పాత పేరు మీద ఒక కేసుంది. కొత్త పేరు కడిగిన ముత్యం. మన దగ్గరా ఇంటిపేర్లు మారతాయి, మా అమ్మదీ మారింది, అయినా నాకు తట్టలేదు. ఆపా రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి, కళ్లద్దాలు చున్నీ అంచుతో తుడుచుకుని, “అంటే పెండ్లయితే కేసు పుట్టింట్లనే ఉండిపోయిందా?” అన్నారు.

ఆమె ఎవరినీ కోప్పడటం నేను చూడలేదు. దెప్పేవారు. దెప్పి, వెంటనే డబ్బా మూత తీసి ఒక చెంచా కిచిడీ మన మూతలో వేసేవారు. నాయకులకు పేర్లు పెట్టేవారు. ప్రతి ప్రసంగంలో కన్నీళ్లు తుడుచుకునే ఒకాయన ‘ఏడ్పు సెనేటర్’. వరసగా గెలిచి, అక్కడి చట్టం ప్రకారం ఇక తను నిలబడే వీల్లేక భార్యను నిలబెట్టిన మేయర్ ‘మన బావ’. “గీ బావ మనకు తెల్వనోడా? గల్లీకొకడు ఉన్నడు” అనేవారు. ఎక్కడో సముద్రం అవతలి మనుషులు ఆమె నోట్లో పడి మా వీధివాళ్లయిపోయేవారు.

ఫొటోలు చూడటం నాకు నేర్పింది ఆమే. “నడుమ చూపిచ్చేది వాళ్లు. అంచులు చూసేది మనం” అనేవారు. అందరూ రిబ్బను కత్తిరించే చేతిని చూస్తుంటే ఆమె వెనక గోడకు సున్నం ఆరిందా లేదా అని చూసేవారు.

ఒక ఆదివారం బోయిగూడలోని మా ఇంటికి భోజనానికి వచ్చారు. మా గల్లీ చివర మంచినీళ్ల యంత్రం ఒకటుంది. దాని మీద ఒక నాయకుడి నవ్వుముఖం, కింద ఎండిన కొబ్బరిచిప్పలు. ఆపా నడుస్తున్నదల్లా ఆగి, కొళాయి తిప్పారు. గాలి కూడా రాలేదు. ఇంటికొచ్చి మా అమ్మను అడిగారు, “ఎన్నడన్న నీళ్లొచ్చినయా దాంట్ల?”

“ఎందుకు రాలే అక్కా, దండ ఏసిన్నాడు వచ్చినయ్. పొద్దున్నే ట్యాంకర్ తెచ్చి నింపిన్రు” అంది అమ్మ.

మేమంతా నవ్వాం. ఆపా నవ్వలేదు. “ఆనాడు ఎవరో ఒక ముసలామె బిందె పట్టుకొని వచ్చే ఉంటది. మర్నాడు గూడ వచ్చి ఉంటది” అన్నారు, అన్నం కలుపుకుంటూ.

ఆఫీసులో ఆమెకూ మా మేనేజర్ సార్‌కూ గొడవ ఎప్పుడూ ‘తెలియదు’ దగ్గరే. ఆయన చెడ్డవాడు కాదు. జీతాలు సమయానికి ఇవ్వాలని కంగారుపడే మనిషి. “మేడమ్, ఎన్నిటికని తెల్వదంటరు? వార్త ఉంది, ఫొటో ఉంది. ఇట్లైతే వాళ్లు మనకు పనెందుకిస్తరు?” అనేవారు. ఆపా కుర్చీలోంచి లేవకుండానే, “సార్, తెల్వదనేది గూడ ఒక జవాబే. మనం చేసిన్రు అని రాస్తే, దాన్ని సదివి ఆడ ఎవరో ఒకరు ఇంట్లకెల్లి బయలెల్తరు” అనేవారు.

తర్వాత ఆమె కిడ్నీలు పాడయ్యాయి. డయాలిసిస్ ఉన్న రోజుల్లో ఆఫీసుకు వచ్చేవారు కాదు. ఆ రోజుల్లో ఆమె కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. నాకు లోపల ఎంత గర్వమో చెప్పలేను. ఆపా మందకొడి, నేను చురుకు అని మేనేజర్ సార్ అనకపోయినా ఆయన ముఖంలో చదువుకుని మురిసిపోయేదాన్ని.

ఆ కుర్చీలో నా ముందుకు వచ్చిన వాటిలో ఒక పడవ ఉంది. చిన్న దీవి. అక్కడ ఆసుపత్రి లేదు. రోగులను అవతలి ఒడ్డుకు చేర్చడానికి అంబులెన్స్ పడవ తెస్తానని మేయర్ మాటిచ్చాడు. ఆపా దాన్ని చాలాకాలంగా ‘తెలియదు’లోనే ఉంచారు. “పడవ కొన్నరన్న వార్త చూసిన. మనిషిని ఎక్కిచ్చుకున్నది చూడలే” అని. ఆ రోజు కొత్త ఫొటో వచ్చింది. తెల్లటి పడవ, మీద ఎర్రటి ప్లస్ గుర్తు, ముందు కత్తెర పట్టుకున్న మేయర్. నెలాఖరు, పేజీలు అప్పజెప్పాలి. మేనేజర్ సార్ రెండుసార్లు వచ్చి నా వెనక నిలబడి వెళ్లారు.

నేను అంచులు చూశాను. ఇది చెప్పకుండా ఆపా గురించి ఇంకేం చెప్పినా లాభం లేదు. పడవ కింద దుంగలు కనిపించాయి. నీళ్లు లేవు. ఒడ్డు మీద పూజో పునస్కారమో చేసి తర్వాత దించుతారులే అనుకున్నాను. నిజానికి అలా అనుకోవాలని అనుకున్నాను. ‘చేశారు’ అని పెట్టి, తర్వాతి పేజీ తెరిచాను.

ఆ వారమే ఆపాను ఆసుపత్రిలో చూడటానికి వెళ్లాను. చేయి బాగా వాచింది. నన్ను చూడగానే, “ఏడ్పు సెనేటర్ మళ్ల ఏడ్చిండా?” అని అడిగారు. ఏడ్చాడన్నాను. ఎన్ని రోజులకో నవ్వారట, నర్సు చెప్పింది. “పడవ ముచ్చట ఏమైంది బిడ్డా?” అన్నారు.

“అట్లనే ఉంచిన ఆపా. తెల్వదనే ఉంది.”

నేను ఆలోచించి చెప్పిన అబద్ధం కాదది. నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. ఆపా వాచిన చేతిని నా చేతి మీద వేశారు. “శాబాష్. ఇగ నేను లేకున్నా నడుస్తది” అన్నారు.

తర్వాత కొద్దిరోజులకు ఆ దీవి నుంచి ఒక సందేశం వచ్చింది. పేజీల కింద, చదివినవాళ్లు ఏమైనా రాసే చోటుంది. మామూలుగా అక్కడ తిట్లే ఉంటాయి. ఇది మర్యాదగా ఉంది. రాసింది ఒక ఆడమనిషి. “మా దీవికి అంబులెన్స్ పడవ వచ్చిందని మీ పేజీలో చదివాను. మా నాన్నకు ఒంట్లో బాగాలేదు. ఆ పడవ ఏ రేవుకు వస్తుంది? ఎవరికి ఫోన్ చేయాలి?”

వెంటనే జవాబు రాయాల్సింది. రాయలేదు. ఏం రాయాలో ఆపాను అడుగుదామనుకున్నాను. రేపు సాయంత్రం వెళ్లి, పడవ సంగతీ నా అబద్ధం సంగతీ రెండూ చెప్పేసి, తిట్లు తిని, ఆమెతోనే జవాబు రాయించుకుందామనుకున్నాను. అది నాకు హాయిగా అనిపించింది కూడా. మర్నాడు నాకు సెలవు. పొద్దున మార్కెట్లో ఉండగా ఫోన్ వచ్చింది.

జనాజా మోసుకుని మగవాళ్లు ఖబరస్తాన్‌కు వెళ్లిపోయాక ఆపా ఇంట్లో చిన్న గదిలో ఆడవాళ్లం మిగిలాం. ఎవరో మెల్లగా ఖురాన్ చదువుతున్నారు. ఆపా కూతురు నా పక్కన వచ్చి కూర్చుంది. “అమ్మీ మొన్న మా మామకు నీ ముచ్చటే చెప్పింది అక్కా. గా పిల్లకు తెల్వదని రాసే ధైర్యం వచ్చింది, నాకు ఫికర్ లేదు అన్నది” అంది. ఎవరో నీళ్లిచ్చారు, తాగాను. నిజం చెప్పి నా బరువు తీసి ఆ పిల్ల నెత్తిన పెట్టడం ఎందుకని ఊరుకున్నాను. అది దయో, పిరికితనమో ఈరోజుకీ తేల్చుకోలేకపోతున్నాను. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి ఆమె ఎలాగూ చదువుతుంది. చెల్లీ, నీకు ముందు చెప్పలేదు. మీ అమ్మ నమ్మినట్టు నేను లేను.

మర్నాడు చీకటుండగానే ఆఫీసుకు వెళ్లి ఆ ఆడమనిషికి జవాబు రాశాను. పడవ నడుస్తుందో లేదో మాకు తెలియదని, చూడకుండా ‘చేశారు’ అని రాశామని, దాని కోసం ఆగవద్దని, వేరే దారి ఏదుంటే అటు తీసుకెళ్లమని. ‘రాశామని’ కొట్టేసి ‘రాశానని’ పెట్టాను. తర్వాత పేజీలో గుర్తు మార్చాను. మా దగ్గర పాత గుర్తు చెరిగిపోదు. కొట్టివేతతో అలాగే కనిపిస్తుంది, కింద ఎవరు ఎందుకు మార్చారో రాయాలి. ఈ పద్ధతి పట్టుబట్టి పెట్టించింది ఆపానే. ‘ఫొటోలో పడవ దుంగల మీద ఉంది. చూసి కూడా తప్పు గుర్తు పెట్టాను’ అని రాసి నా పేరు పెట్టాను.

మేనేజర్ సార్ అది చూసి పరుగున వచ్చారు. “నీ పేరెందుకు పెట్టుకుంటవమ్మా? సిస్టమ్ మిస్టేక్ అని రాయ్, అయిపోతది.”

“సిస్టమ్ చూడలే సార్. నేను చూసిన.”

ఆయన కాసేపు ఆపా కుర్చీ వైపు చూశారు. “ఆమె పోయింది, నువ్వు షురూ చేసినవ్” అని గొణిగారు. “పనిచ్చే సంస్థోళ్లు అడిగితే నువ్వే చెప్పుకోవాలె. నేనైతే ఏం చెప్పలేను.” వాళ్లు ఇంకా అడగలేదు. అడిగాక నన్ను ఉంచుతారో లేదో తెలియదు. ఆ భయం ఉంది. కానీ ఆపాను తలుచుకుంటే పట్టుకునేది ఆ భయం కాదు. వాచిన ఆ చేతి బరువు.

నాలుగైదు రోజులకు దీవి నుంచి జవాబు వచ్చింది. నాన్నను పక్కింటివాళ్ల చేపల పడవలో అవతలికి తీసుకెళ్లామని రాసింది. ఒక రోజు ఆలస్యమైందని రాసింది. ఆయన ఎలా ఉన్నాడో రాయలేదు. అడిగాను. ఇంకా ఏమీ రాలేదు.

ఆ జవాబుతో పాటు ఒక ఫొటో పంపింది. కొబ్బరిచెట్ల మధ్య, ఇసుక కూడా లేని ఎర్రమట్టి నేల మీద తెల్లటి పడవ. ఎర్ర ప్లస్ గుర్తు రంగు ఇంకా కొత్తగానే ఉంది. ఒక చివర నుంచి చెట్టుకు తాడు కట్టి ఎవరో చిన్నపిల్లల బట్టలు ఆరేశారు. పడవ నీడలో ఒక కోడి కాళ్లతో మట్టి గీకుతోంది, దాని చుట్టూ కోడిపిల్లలు.