ఎలుకకి ఒంట్లో బాగాలేదు

మా చర్చి కాపలాదారుకి ఉన్నది ఒకటే జబ్బు: ఇతరుల జబ్బులు చెప్పడం. ఆ ఇతరులందరూ రాతివాళ్ళూ చెక్కవాళ్ళూ కావడం వల్ల ఎవరూ అభ్యంతరపెట్టలేదు. అందరూ ఆయన్ని డాక్టరుగారనే పిలిచేవారు.

చాలా పాత చర్చి అది. స్తంభాల నెత్తిన, కిటికీల కింద, బల్లల చేతుల మీద ఏనాటి శిల్పులో జంతువుల్ని చెక్కిపోయారు. బడిపిల్లలు చూడటానికి వస్తే, వార్డు తనిఖీకి బయలుదేరిన పెద్ద వైద్యుడి గాంభీర్యంతో డాక్టరుగారు ముందు నడిచేవారు.

"ఈ సింహానికి పన్నునొప్పి. నోరు తెరుచుకుని కూర్చుంది, చూడండి."

"ఎన్నాళ్ళనించి డాక్టరుగారూ?"

"అయిదొందల ఏళ్ళు. పళ్ళ డాక్టరు ఖాళీగా లేడు."

"మరి ఆ నక్కకో?"

"దానికేం రోగం! కడుపునొప్పని అబద్ధం. బడి ఎగ్గొట్టే జబ్బు, మీకు తెలియందా?"

పిల్లలు పడీ పడీ నవ్వేవారు. చూరు దగ్గర వాననీళ్ళు కక్కే వింత మృగానికి తీరని జలుబు. గుడ్లగూబకి నిద్రలేమి. రోగులందర్నీ పరామర్శించేసరికి చర్చి మూలమూలా చూడటం అయిపోయేది.

ఒక్క ఎలుకని మాత్రం చూపించేవారు కాదు. "ఎలుకకి ఒంట్లో బాగాలేదు. గుంపు పడదు." ఫాదరుగారు సిఫార్సు చేసినా అదే మాట.

నేనక్కడ ఆర్గన్ వాయించేవాణ్ణి. ఆయన గదికి వెళితే, ఉన్న ఒక్క కుర్చీ నాకిచ్చి తాను నిలబడేవారు. గ్లాసూ ఒకటే, నేను టీ తాగి కడిగిచ్చాక ఆయన తాగేవారు. "మీ ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడిగితే, "రాత్రి గుడ్లగూబ కాస్త కునుకు తీసిందండీ" అనేవారు. నేను తప్ప అడిగేవాళ్ళూ లేరు.

ఒక రోజు జతలు జతలుగా చేతులు పట్టుకుని వచ్చిన పిల్లల వెనక ఒక పాప ఒక్కతే నడిచింది. బడికి కొత్తట, జత కుదరలేదు. అందరూ నవ్వాక, తనూ నవ్వొచ్చో లేదో చూసుకుని నవ్వుతోంది. మిగతావాళ్ళు బిస్కెట్లకి బయటికి పరిగెత్తితే, ఓ బల్ల చివర కూర్చుండిపోయింది.

డాక్టరుగారు వచ్చి గొంతు తగ్గించారు. "అమ్మడూ, ఎలుకకి ఇప్పుడే కాస్త నయంగా ఉంది. ఒక్కరైతే రమ్మంటోంది. నీకు తీరికేనా?"

పాటగాళ్ళ బల్ల అడుగున, నేల మీద బోర్లా పడుకుంటే తప్ప కనబడని చోట ఉంది బొటనవేలంత చెక్క ఎలుక. పాప చాలాసేపు దాని వీపు నిమిరింది. తరవాత నేనూ, నా పొట్ట సహకరించినంత మేరకు, పడుకుని చూశాను. చర్చిలో చెక్కంతా గరుకు. ఆ వీపు మాత్రం అరిగి అద్దంలా మెరుస్తోంది. ఒంటరిగా వచ్చిన వేళ్ళు ఎన్నెన్నో తాకి ఉండాలి మరి.

బయట పిల్లలు పాపని చుట్టుముట్టారు. "గౌనంతా ఆ దుమ్మేంటే?"

"ఎలుకని చూసొచ్చా."

"అబద్ధం! ఎలా ఉందో చెప్పు!"

పాప గౌను దులుపుకుంది. "జ్వరం తగ్గింది. ఈసారి తోడు తెచ్చుకోవచ్చంది."

"నన్ను తీసుకెళ్ళవే!" "ముందు నేనడిగా!"

వరస తిరిగి కదిలేసరికి పాప రెండు చేతులూ ఖాళీ లేవు. ఇద్దరిద్దరుగా నడవమని టీచరు ఎంత అరిచినా ఆ ముగ్గురి జత విడిపోలేదు.

గుమ్మంలో నిలబడి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, డాక్టరుగారు నా వైపు గంభీరంగా తిరిగారు.

"ఎలుకకి ఇవాళ శ్రమ ఎక్కువైందండీ. కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వాలి."