పాతిక గులాబీలూ తలకిందులే

ఆ పిల్లకి డాక్టరమ్మ అన్న పేరు ఇంట్లో పెట్టిందే. మనవరాలికి వైద్యం సీటు వస్తుందని నాయనమ్మ వీధంతా ముందే చాటేసింది. వచ్చింది మాత్రం తోటల చదువులో సీటు. అన్న మాట వెనక్కి తీసుకోవడం నాయనమ్మ ఒంట్లో లేదు కనుక పేరు అలాగే ఉండిపోయింది. డాక్టరే కదా, రోగులు కదలరు, అంతే తేడా అని సర్దేసింది. అప్పటినుంచి సెలవులకి ఇంటికొస్తే చాలు, పిన్నులూ అత్తలూ వాడిపోయిన కుండీలు చంకన పెట్టుకుని దిగేవారు. అన్నిటికీ ఒకటే జబ్బు, నీళ్లెక్కువ. ఆ సంగతి చెబితే, ఈ మాత్రానికా ఇన్నేళ్ల చదువు అని మొహం మాడ్చుకునేవారు.

ఏం చదువుతున్నదో ఆమెకీ సరిగ్గా అంతుపట్టలేదు. మొదటేడు పార చేతికిచ్చి మళ్లు చేయించారు. రెండో ఏడు పురుగుల్ని పట్టి గుండుసూదులకి గుచ్చమన్నారు. పెరట్లో పెరిగే మొక్కలకే, వాటిని ఎవరూ పిలవని పేర్లు పెట్టి బట్టీ పట్టించారు. మూడో ఏడు అంటుకట్టడం వచ్చింది. దాంతో పుట్టి మునిగింది.

పరీక్ష ఏమిటంటే, ఒక్కొక్కరికి పాతిక అడవి గులాబీ మొక్కలిస్తారు. కాండం మీద బెరడు చీల్చి, మంచి గులాబీ నుంచి కోసిన ఒక్క కన్ను, అంటే చిగురు పుట్టే చోటు, లోపలికి దూర్చి పట్టీ చుట్టాలి. మూడు వారాలకి బతికిన కన్నుకి ఒక మార్కు. పదిహేను రాకపోతే ఏడాదంతా మళ్లీ చదవాలి. అంటే నాయనమ్మకి మళ్లీ సంజాయిషీ చెప్పుకోవాలి.

సార్ బల్ల దగ్గర చేసి చూపించిన రోజు, ఆయన పక్క చోట్లన్నీ గట్టి మోచేతులున్నవాళ్లు ఆక్రమించారు. డాక్టరమ్మ మోచేయి ఎవరికీ తగిలే రకం కాదు. బల్లకి అవతల, ఆయనకి ఎదురుగా నిలబడింది. ఆయన ఒక కొమ్మ ముక్కని బల్ల మీద పడుకోబెట్టి కట్టి చూపించారు. ఆయన వైపు నుంచి కన్ను పైన, మిగిల్చిన ఆకు కాడ కింద. ఆమె వైపు నుంచి కాడ పైన, కన్ను కింద. చూసింది చూసినట్టు బుర్రకెక్కించుకుని, పాతిక మొక్కల మీదా పొల్లుపోకుండా దించేసింది. నర్సరీలో ఇరవయ్యేళ్లుగా పనిచేస్తున్న అక్క అటు వెళ్తూ, కట్టు బిగువుగా కుదిరిందని మెచ్చుకుంది కూడా.

మూడు వారాలయ్యాక సార్ మొదటి పట్టీ విప్పారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రెండోది విప్పారు. అయిదోది విప్పాక ఇక ఆగలేకపోయారు.

"ఏమ్మా, వీటిచేత శీర్షాసనం వేయించావా?"

క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. డాక్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. తను ఆ రోజు బల్లకి ఏ వైపు నిలబడిందో అప్పుడు గుర్తొచ్చింది. సార్ సున్నా వేయబోతుంటే అక్క నీళ్ల పైపు కింద పడేసి వచ్చింది.

"ముట్టుకుని చూడండి సార్."

కన్ను బతికితే ఆకు కాడ వేలు తగలగానే రాలిపోతుంది. చస్తే ఎండి అతుక్కునే ఉంటుంది. ఇది సార్ చెప్పిన పాఠమే. ఆయన ఇష్టం లేకుండానే వేలు పెట్టారు. కాడ రాలింది. పక్కదీ రాలింది. పాతికలో ఇరవై రెండు రాలాయి.

"రాలితే రాలాయి. నేలచూపులు చూసే కన్నుకి మార్కెలా వేస్తాను?"

మూడేళ్లలో హాజరు పలకడానికి తప్ప నోరు విప్పని పిల్ల అప్పుడు విప్పింది. "బతికిన కన్నుకి ఒక మార్కని బోర్డు మీద మీరే రాశారు సార్. ఎటు చూస్తూ బతకాలో రాయలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సార్ బోర్డు వైపు చూశారు. తన చేతిరాతే కావడంతో దాన్ని తిట్టలేకపోయారు. రెండు వారాల్లో పదిహేను మొలిస్తే పాస్ అని గడువిచ్చి వెళ్లిపోయారు.

రోజూ పొద్దున్నే క్లాసులకి ముందు డాక్టరమ్మ అక్కడ గొంతుకూర్చునేది. అలా గుచ్చి గుచ్చి చూస్తే వాటికి సిగ్గేస్తుందని అక్క కసిరేది. చిగుళ్లు వచ్చాయి, కానీ నేలకేసి దిగాయి. అంగుళం దిగాక, ఇంట్లో ఏదో మర్చిపోయి వచ్చినవాళ్లలా ఒక్కొక్కటీ వెనక్కి తిరిగి పైకి లేచాయి. గడువు రోజుకి లెక్క పద్నాలుగు. ఇంకొక దాని మీద గుండుసూది తలంత ఎరుపు. సార్ భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, చివరికి అక్కని అడిగారు.

"ఇది మొలకేనంటావా?"

"మొలకే," అంది అక్క, చూడకుండానే.

మరుసటేడు సార్ జూనియర్లకి తలకిందుల పద్ధతి గురించి పాఠం చెప్పారు. దానివల్ల కొమ్మలు విశాలంగా విచ్చుకుంటాయని, అదేదో తాను కావాలనే చేయించినట్టు వివరించారు. చేసి చూపించమని డాక్టరమ్మని పిలిచారు. ఆమె కత్తి పట్టుకుని తలెత్తేసరికి, బల్లకి అవతల ఒక పిల్ల గుడ్లప్పగించి నిలబడి ఉంది.

"నువ్వు ఇటు రా," అంది. పక్కనున్నవాడు జరగలేదు. డాక్టరమ్మ మోచేత్తో జరిపింది.