ఆరుగురికి ఒకేసారి వచ్చిన నడుము నొప్పి

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెల మొదటి సోమవారం నాడు, మా ఆసుపత్రి వారు నన్ను రాయదుర్గంలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆరోగ్య కేంద్రానికి పంపారు. హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. గది మాత్రం నాలుగో అంతస్తులో ప్రింటర్ల పక్కన, ఒక బల్లా ఒక పరీక్ష మంచమూ పట్టేంత. ముప్పై ఏళ్లు ఎముకల వార్డులో నలిగి వచ్చినదాన్ని కాబట్టి అక్కడి మెడ నొప్పులు, మణికట్టు నొప్పులు నాకు సెలవుల్లాగే ఉండేవి.

నేను చేరిన నెలలోనే ఆ కంపెనీకి సైకిల్ పిచ్చి పట్టింది. తొమ్మిది మంది ఉద్యోగులు వంగిన హ్యాండిలూ, సన్నటి టైర్లూ ఉన్న రోడ్ సైకిళ్లు కొన్నారు. తెల్లవారగానే నార్సింగి దగ్గర సైకిల్ ట్రాక్ మీద తొక్కి, అటునుంచి అటే ఆఫీసుకు వచ్చేవారు. వాళ్ల నాయకుడు చంద్రశేఖర్, ప్రొద్దుటూరు మనిషి, నలభై నాలుగేళ్ల డెలివరీ మేనేజరు, అప్పుడే బీపీ మాత్ర మొదలైనవాడు. సంక్షేమ విభాగం చుట్టూ తిరిగి సెల్లార్‌లో సైకిల్ స్టాండూ, పొద్దున్నే స్నానాల గది తాళమూ సాధించాడు. అనుమతి ఒక్క నెలకే. ఆ తర్వాత, తొక్కడం వల్ల ఎవరికీ హాని లేదని నేను రాసిస్తేనే కొనసాగింపు.

రెండో వారం నుంచి వాళ్లలో ఆరుగురు ఒక్కొక్కరే నా గదికి రావడం మొదలైంది. అందరూ చెప్పింది ఒకటే మాట, నడుము నొప్పి.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. మనిషి బొమ్మ, ముందు వైపు ఒకటి వెనక వైపు ఒకటి, అచ్చు వేసిన కాగితం రోగి చేతికిచ్చి, నొప్పి ఉన్నచోట పెన్సిల్‌తో నల్లగా గీయమంటాం. ఆసుపత్రికి శిక్షణకు వచ్చే విద్యార్థులకు నేను నేర్పే మొదటి పాఠం అదే. ఆ వారం మాత్రం తొందరలో కాగితం నా దగ్గరే ఉంచుకుని, వాళ్లు నడుము అనగానే నడుము మీద నేనే గీసేశాను. తర్వాత ముందుకు వంచాను, వెనక్కి వంచాను, పడుకోబెట్టి కాలు పైకెత్తించాను. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అక్కడ అనుమానం రావాలి. నాకు రాలేదు. వ్యాధి తొలిదశలో ఉందని నిర్ణయించి, వేడి కాపడాలు పెట్టి, వ్యాయామాలు నేర్పాను. ఆరుగురికి ఒకే లక్షణం దొరికిందని లోలోపల మురిసిపోయాను కూడా. ఈ రకం సైకిళ్లు వీరి వెన్నుకు తగవని నివేదిక రాసి బుధవారం పంపేశాను. శుక్రవారం సంక్షేమ విభాగం సమావేశంలో అనుమతి రద్దు కావడమే మిగిలింది.

ఆ సాయంత్రమే చంద్రశేఖర్ నా గదికి వచ్చాడు. వాదించలేదు, కూర్చోలేదు కూడా. "ఇరవై ఏండ్లలో అలారం కొట్టకముందే నేను లేసింది ఈ నెల్లోనే మేడం," అన్నాడు. నా బాధ్యత నాదని చెప్పి పంపాను. ఆ మాట మాత్రం రాత్రంతా గుచ్చుకుంది.

మర్నాడు ఉదయం మా అంతస్తు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ సత్తెమ్మ టీ పట్టుకొచ్చింది. జనగామ వైపు ఆవిడ, కంటికి కనబడ్డదేదీ వదలదు. సైకిలోళ్ల నడుముల గురించి నేనేదో అంటే, టీ బల్ల మీద పెట్టి నిదానంగా చెప్పింది.

"నడుము నొప్పి ఉన్నోళ్లు వంగలేరు మేడం. వీళ్లు మంచిగ వంగి బల్ల కింద వైర్లు పెడుతున్నరు. కుర్చీల మాత్రం కూసుంటలేరు. మీటింగ్ రూముల గంటసేపు నిలబడే ఉంటున్నరు. సోఫా మీది దిండ్లు గుడ యాడికి పోతున్నయో నాకెరుకే."

నాకు నవ్వాగలేదు. ముప్పై ఏళ్ల అనుభవం నాది, రోగ నిర్ధారణ ఆవిడది. చంద్రశేఖర్‌ని పిలిపించి, బొమ్మ కాగితమూ పెన్సిలూ చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. పెన్సిల్ చప్పుడు చాలాసేపు వినబడింది. తిరిగి చూస్తే, నడుము తెల్లగా ఉంది. దాని కింద, తొడల లోపలి దాకా, కాగితం చిరిగేంత నలుపు.

"నడుం గాదు మేడం. ఇంగ కొంచెం కిందికి. ఆడమనిషితో ఎట్ల చెప్పేది?"

ఇద్దరం కళ్లనీళ్లొచ్చేలా నవ్వాం. మధ్యాహ్నానికి మిగతా ఐదు కాగితాలూ అలాగే నల్లబడి వచ్చాయి.

సాయంత్రం సెల్లార్‌కు దిగి సైకిళ్లు పరీక్షించాను. రెండు కాళ్లూ నేలకు ఆనాలని సీటు స్కూటర్‌లా కిందికి దించారు. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు పూర్తిగా చాపుకోవాలి, అదీ సీటు ఎత్తుకు కొలత. అందరికీ పైకి లేపించాను. సీటు ముక్కు ఆకాశం వైపు చూస్తుంటే సమానంగా దించాను. మెత్తగా ఉంటుందని పైన వేసిన జెల్ తొడుగులు తీయించాను. మరీ మెత్తటి దాంట్లో మనిషి దిగబడి, బరువు కూర్చునే ఎముకల మీద కాక కండ మీద పడుతుంది.

అసలు సంగతి దుస్తులది. లోపల దిండు కుట్టిన సైకిల్ షార్ట్స్ నేరుగా ఒంటి మీద వేసుకోవాలి. ఈ పెద్దమనుషులు మర్యాదగా లోదుస్తుల మీద వేసుకున్నారు. ఆ లోపలి కుట్లు గంటసేపు ఒరుసుకుంటే చర్మం ఏమవుతుంది? తొమ్మిది మంది ఇంజినీర్లను స్తంభాల మధ్య వరుసగా నిలబెట్టి, తరగతిలో చెప్పే గొంతుతోనే ఈ విషయం చెప్పాను. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఒక కుర్రాడు ఫోనులో రాసుకున్నాడు. నాకు లోపల పొంగుతున్న నవ్వు ఆపుకోవడం బిగుసుకున్న కీళ్లను వంచడం కంటే కష్టమైంది.

చేతులు తిమ్మిరెక్కుతున్నాయని కూడా కొందరన్నారు. ఎందుకో తెలుసుకోవాలంటే తొక్కి చూడాలి. చంద్రశేఖర్ పట్టుకుంటే, చున్నీ బిగించి, కాలేజీ రోజుల తర్వాత మొదటిసారి సైకిలెక్కాను. మోచేతులు బిగబట్టకుండా కొంచెం వంచగానే అరచేతుల మీద భారం తగ్గింది. ఒక స్తంభం, రెండు స్తంభాలు, అతను ఎప్పుడు వదిలేశాడో తెలియలేదు. యాభై ఆరేళ్ల వయసులో సెల్లార్‌లో మూడు చుట్లు కొట్టాను. నాలుగోది కూడా కొట్టాను, బావుంది కాబట్టి.

దిగాక మిగిలిన పని అంత బావుండేది కాదు. నివేదికను ఉపసంహరించుకుంటున్నట్లు రాయాలి. కారణం రాయకుండా కొత్తది పెడితే సరిపోతుంది కదా అని సంక్షేమ విభాగం అధిపతి సలహా ఇచ్చాడు. అలా కుదరదన్నాను. "నొప్పి ఉన్నచోటును రోగితో గుర్తింపజేయలేదు. లోపం నాది," అని రాసి సంతకం పెట్టాను. మా ఆసుపత్రి నుంచి సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. అది నా సర్వీసు ఫైలులో ఇప్పటికీ ఉంది.

శుక్రవారం అనుమతి పొడిగించారు. వారంపాటు తొక్కకుండా, ఒరుసుకుపోయిన చోట పుండ్లు మాననివ్వమన్నాను. తర్వాత రోజు విడిచి రోజు అరగంట, మధ్యలో పది నిమిషాలకోసారి సీటు మీంచి లేచి తొక్కడం, రాగానే షార్ట్స్ మార్చుకోవడం. ఆ ఆరుగురిలో ఎవరూ మళ్లీ అదే బాధతో నా గదికి రాలేదు.

ఆ తర్వాత నా విద్యార్థులకు ఆ ఆరుగురి కాగితాలూ, నేను గీసినవీ వాళ్లు గీసినవీ, పక్కపక్కన పెట్టి చూపించేదాన్ని. రోగి నాకు అబద్ధం చెప్పలేదు, నా ముందు మర్యాద పాటించాడు. ఆ మర్యాదను దాటి అడగడానికే నాకు జీతమిచ్చారు.