రిమార్కుల గడిలో ఆ మాట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కోడుమూరులో మా అవ్వ చెప్పే కథలకే పగలబడి నవ్వేదాన్ని. ఇప్పుడు నన్ను చూసి అలాగే నవ్వుతారని ఇది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

రెండువేల ఆరు ప్రాంతంలో కడపలో ముగ్గురాళ్లు, అంటే బెరైటీస్, తవ్వే ఒక కంపెనీ ఆఫీసులో చేరాను. జీతాల పెంపు అప్పుడే కంప్యూటర్లోకి వచ్చింది. నేను నమోదు చేస్తే మేనేజరు యేసురత్నం సార్ చూసి ఆమోదించాలి. రిమార్కుల గడిలో అందరూ ‘ఓకే’ అని కొడతారు. ఆయన మాత్రం ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవారు: “చూసినా. బువ్వ తిన్యావామ్మా?”

ఆఫీసు రికార్డులో అదేం రాత సార్ అని కసురుకునేదాన్ని. నిజానికి హాస్టల్లో ఒంటరిగా ఉండే నన్ను ఆ ఊళ్లో ఆ మాట అడిగే మనిషి ఆయనొక్కరే.

ఆ వేసవిలో సార్ గుండెపోటుతో పోయారు. లాగిన్ మూసేశారు. నాకు ఆఫీసు బావురుమన్నట్టుండేది.

మంగంపేట గనిలో పనిచేసే దస్తగిరి ఆ నెలాఖరున రిటైరవుతున్నాడు. అతని పెంపు సార్ దగ్గరే ఆగిపోయింది. ఆఖరి జీతాన్ని బట్టే గ్రాట్యుటీ, కాబట్టి నెలాఖరు రోజు సాయంత్రంలోగా ఆమోదం పడాలి. ఆ రోజు మధ్యాహ్నం కొత్త మేనేజరు నొక్కితే ‘ఆమోదించే అధికారి మీరు కాదు’ అని ఎర్రక్షరాలు వచ్చాయి. ఆయన విసుక్కుని భోజనానికి వెళ్లిపోయాడు. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేస్తే, రద్దు చేసి మళ్లీ పెట్టడానికి రెండు రోజులు పడుతుందన్నారు.

వరండాలో బెంచీ మీద దస్తగిరి కూర్చుని ఉన్నాడు.

“యాడికొచ్చిందమ్మా? ముప్పై ఏండ్లు దుమ్ము మింగినా. ఈ పొద్దు నన్ను ముంచాకండి.”

ఇంకా కనుక్కుంటున్నామని చెప్పి, అతన్ని కూర్చోమన్నాను. కంప్యూటరున్న గదికి ఒకటే తలుపు, అతనితో మాట్లాడినంతసేపూ నేను దాని ముందే నిలబడ్డాను.

లోపలికొస్తే ఎర్రక్షరాలు లేవు. ఆమోదం పడి ఉంది. ఆమోదించినవారి పేరు యేసురత్నం.

దస్తగిరికి రావలసిందంతా వచ్చింది. ఆ లాగిన్ ఎవరూ తెరిచిన దాఖలా లేదని సాఫ్ట్‌వేర్ వాళ్లు చెప్పారు. సార్ బతికుండగా ఎప్పుడో నొక్కింది ఆలస్యంగా పడిందేమో అని సర్దిచెప్పారు. నేనూ అలాగే అనుకునేదాన్ని, రిమార్కుల గడి చూడకపోతే. అక్కడ ఆయన ఎప్పుడూ అడిగే మాట లేదు.

“చూసినా. పొద్దన్నుంచి బువ్వ తినల్యా నువ్వు.”

అదెలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు నేనేమీ తినలేదన్నది మాత్రం నిజం. ఆ సంగతి ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లే లేరు.